ముత్యాల వెనక లెక్క

1938 జూన్ 23న లండన్‌లో స్ట్రాత్‌మోర్ కౌంటెస్ కన్నుమూశారు. ఆవిడ ఆరో జార్జి రాజుగారికి అత్తగారు, ఎలిజబెత్ రాణికి కన్నతల్లి. ఇంకో ఐదు రోజుల్లో రాజదంపతులు పారిస్ బయల్దేరాలి. యూరప్ మీద యుద్ధమేఘాలు కమ్ముకుంటున్న రోజులవి. ఫ్రాన్సుతో స్నేహం ఎంత గట్టిదో లోకానికి చాటాల్సిన ప్రయాణం కాబట్టి రద్దు చేసే వీల్లేదు, మూడు వారాలు వెనక్కి జరిపారంతే. చిక్కల్లా బట్టల దగ్గర వచ్చింది. రాణిగారి కోసం తయారవుతున్న సుమారు 30 జతలూ రంగుల్లో ఉన్నాయి. తల్లి పోయిన కూతురు వాటిని వేసుకోలేదు. పోనీ నల్లబట్టలతో వెళ్దామంటే, పండగలా సాగాల్సిన పర్యటన మీద చావు నీడ పడుతుంది.

ఆ దుస్తులు కుట్టిస్తున్న నార్మన్ హార్ట్‌నెల్ ఒక దారి చెప్పాడు. అన్నీ తెల్లగా కుడదాం అన్నాడు. తెల్లచీర అంటే ఏమిటో మన పల్లెల్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. యూరప్ రాజవంశాల్లో కూడా తెలుపుకు దుఃఖవర్ణంగా పాత గుర్తింపు ఉంది. విక్టోరియా రాణి తన అంత్యక్రియలు తెలుపులో జరగాలని ముందే చెప్పి పోయింది. ఆ మూడు వారాల్లో హార్ట్‌నెల్ కుట్టుశాల మొత్తం జాబితాను తెల్ల పట్టు, తెల్ల శాటిన్, తెల్ల లేసు, తెల్ల టల్‌లలో మళ్లీ మొదలుపెట్టి పూర్తిచేసింది. జులైలో పారిస్ వీధుల్లో, బగతెల్ తోటలో రాణి కనబడినప్పుడు అది శోకమో సంబరమో ఎవరూ తేల్చి చెప్పలేకపోయారు. రెండూ అందులోనే ఇమిడాయి. ఫ్యాషన్‌కు రాజధానిగా తనను తాను లెక్కేసుకునే పారిస్ ఒక లండన్ దర్జీ పనికి చప్పట్లు కొట్టింది. ఆ దుస్తుల అందాన్ని ఫ్రెంచి డిజైనర్ క్రిస్టియన్ డియోర్ ఏళ్ల తర్వాత కూడా తలచుకుని మెచ్చుకున్నాడు.

హార్ట్‌నెల్ 1955లో తన జ్ఞాపకాలను పుస్తకంగా రాశాడు. దాని పేరు ‘సిల్వర్ అండ్ గోల్డ్’. రాణులు, రాకుమార్తెలు, రంగస్థల తారలు, సినిమా తారలు తన అద్దాల గదిలో నిలబడి కొలతలిచ్చిన రోజుల ముచ్చట్లు అందులో ఉన్నాయి. చాలామంది దాన్ని పెద్దింటి కబుర్ల కోసం చదువుతారు. నాకు మాత్రం అది పనితనం పుస్తకం. ఎవరి మెడలో ఏ నగ ఉంది అన్న కబుర్ల కింద ఒక ప్రశ్న ఎడతెగకుండా నడుస్తుంటుంది. ఈ గౌను వేసుకున్న మనిషి ఆ రోజంతా ఏం చేయాలి? ఎంత దూరం నుంచి ఎవరు చూడాలి? ఎంతసేపు నిలబడాలి, ఎక్కడ మోకరిల్లాలి, ఎన్ని మెట్లు ఎక్కాలి? ముత్యం ఎక్కడ కుట్టాలన్నది ఈ ప్రశ్నలకు జవాబు దొరికాకే తేలుతుంది. కుట్యూర్ అని ఫ్రెంచివాళ్లు పిలిచే విద్య, అంటే ఒకే మనిషి ఒంటికి, ఒకే సందర్భానికి, చేతికుట్టుతో తయారయ్యే దుస్తుల విద్య విలువ అందులోనే ఉందని నా నమ్మకం. దాన్ని విలాసమని కొట్టిపారేసేవాళ్లు పైన మెరిసేదాన్నే చూస్తున్నారు.

హార్ట్‌నెల్ పెద్దింటి బిడ్డ కాదు. 1901లో దక్షిణ లండన్‌లోని స్ట్రెథమ్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు అక్కడ ఒక పబ్ నడిపేవారు. కేంబ్రిడ్జిలో చేరాడు గానీ పట్టా పుచ్చుకోలేదు. విద్యార్థుల నాటకాలకు దుస్తులు గీయడంలోనే కాలం గడిచిపోయింది. ఆ దుస్తులు చూసిన ఒక లండన్ పత్రికా విలేఖరి వాటిని మెచ్చుకుంటూ రాసింది. ఆ ధైర్యంతో, తండ్రి పెట్టుబడితో, సోదరి ఫిలిస్ తోడుతో 1923లో బ్రూటన్ స్ట్రీట్‌లో సొంత దుకాణం తెరిచాడు. నాటకాల నుంచి వచ్చినవాడు కావడం అతనికి జీవితాంతం కలిసొచ్చింది. వేదిక మీది గౌను ఆఖరి వరుసలో కూర్చున్నవాడికి కూడా కనబడాలి. దీపం వెలుగు ఏ పూస మీద పడితే ఎటు చిమ్ముతుందో తెలియాలి. సన్నటి గొట్టంలాంటి గాజుపూస వెలుగును గీతలా సాగదీస్తుంది, చమ్కీ ఒక్కసారి తళుక్కుమని ఆరిపోతుంది, ముత్యం వెలుగును తనలోకి పీల్చుకుని మెత్తగా వదులుతుంది. గెర్ట్రూడ్ లారెన్స్, ఎవెలిన్ లే లాంటి రంగస్థల తారలకు దుస్తులు కుట్టినప్పుడు నేర్చిన ఈ వెలుగు పాఠమే తర్వాత రాజప్రాసాదాల్లో పనికొచ్చింది. రాణి పట్టాభిషేకమూ ఒక విధంగా ఆఖరి వరుస దాకా కనబడాల్సిన దృశ్యమే కదా.

అయితే గీత వేరు, కుట్టు వేరు. 1920లలో హార్ట్‌నెల్ తన దుస్తుల్ని పారిస్‌కు తీసుకెళ్లి ప్రదర్శించాడు. అప్పట్లో ఫ్రెంచి ‘వోగ్’ పత్రిక నడిపిన మెయిన్ బోచర్ అతనికో మాట చెప్పాడు. ఇంత అందమైన దుస్తులు ఇంత అధ్వాన్నంగా కుట్టగా తానెక్కడా చూడలేదన్నది ఆ మాట సారాంశం. వేరే ఎవరైనా అయితే ఒళ్లు మండి ఊరుకునేవారు. హార్ట్‌నెల్ దాన్ని మనసుకు పట్టించుకున్నాడు. ఫ్రెంచి పద్ధతిలో ఆరితేరిన ఫిట్టర్లను తన కుట్టుశాలలో పెట్టుకున్నాడు. ఆ తర్వాతే లండన్‌లో ఫ్రెంచివాళ్లకు దీటైన పని మొదలైంది.

ఆ పని ఎలా సాగుతుందో కాస్త దగ్గరగా చూడాలి.

డిజైనరు కాగితం మీద గీసిన బొమ్మను నేరుగా పట్టుగుడ్డ మీదకు ఎవరూ తీసుకెళ్లరు. ముందు చవకరకం కోరా గుడ్డతో అదే గౌను కుడతారు. దీన్ని ఫ్రెంచిలో ‘తువాల్’ అంటారు. వేసుకోబోయే మనిషి ఒంటి మీద దాన్ని పెట్టి, ఎక్కడ బిగుతో, ఎక్కడ వదులో చూస్తూ గుండుసూదులు గుచ్చి, పెన్సిలు గీతలు గీసి, మళ్లీ విప్పుతారు. రెండు భుజాలూ ఒక్క ఎత్తున ఉండే మనిషి అరుదు. ఒక తుంటి కాస్త ముందుకు ఉంటుంది. ఒకరు నిటారుగా నిలబడతారు, ఒకరు పొట్ట ముందుకు పెట్టి నిలబడతారు. రెడీమేడ్ గౌను ఈ తేడాలను దాచలేదు, కుట్యూర్ దర్జీ ఆ కోరా గుడ్డ మీదే వాటిని సరిచేస్తాడు. ఇలా తేలిన ముక్కలే అసలు గుడ్డకు కొలతలవుతాయి. కత్తెర పెట్టాక కూడా మొదట పొడుగు పొడుగు కచ్చా కుట్లే వేస్తారు. మనిషి మళ్లీ వచ్చి వేసుకుని, కూర్చుని, చేతులెత్తి చూశాకే అసలు కుట్టు పడుతుంది.

ఎంబ్రాయిడరీ ఉన్న గౌనుకు చిక్కు ఇంకా పెద్దది. పూర్తిగా కుట్టిన గౌను మీద పూసలు కుట్టలేం, ఫ్రేముకు బిగించడం కుదరదు. అందుకే ముక్కలు విడివిడిగా ఉన్నప్పుడే, వాటి అంచులు గుడ్డ మీద గీతలుగా గుర్తుపెట్టుకుని, గుడ్డను చట్రానికి బిగించి పని చేస్తారు. బొమ్మ గీసిన పల్చటి కాగితాన్ని గీత పొడుగునా సూదితో గుచ్చి చిల్లులు పొడుస్తారు. దాన్ని గుడ్డ మీద పరిచి పైన పొడి రుద్దితే చిల్లుల్లోంచి దిగి బొమ్మ గుడ్డ మీద చుక్కలుగా పడుతుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పెళ్లి జాకెట్టుకు మగ్గం వర్క్ చేయించుకున్నవాళ్లకు ఇది కొత్త కాదు. మన మగ్గం పనివాళ్లూ ట్రేసింగ్ పేపర్‌కు చిల్లులు పొడిచి, కిరసనాయిలులో కలిపిన పొడి రుద్ది అచ్చు ఇలాగే డిజైన్ దింపుతారు. జాకెట్టు గుడ్డను కత్తిరించకుండా, మెడ గీత, చేతుల గీత గుర్తుపెట్టి, మగ్గానికి బిగించి కుడతారు. కొక్కెం ఉన్న ఆరీ సూది కూడా రెండు చోట్లా ఒకటే. గొలుసుకుట్టుతో చకచకా సాగే ఆ పద్ధతి 18వ శతాబ్దంలో తూర్పు దేశాల నుంచే యూరప్ చేరిందని బట్టల చరిత్ర రాసినవాళ్లు చెబుతారు.

ఆరీ పని వేగంగా సాగుతుంది. కానీ అది గొలుసు కాబట్టి ఒకచోట దారం తెగితే వరసగా ఊడే ప్రమాదం ఉంటుంది. మామూలు సూదితో ఒక్కో పూసనూ విడిగా కుట్టి, మధ్యమధ్య ముడేస్తూ వెళితే పని నత్తనడకే గానీ ఒక పూస రాలినా పక్కది కదలదు. ఒకే గౌనులో ఎక్కడ ఆరీ, ఎక్కడ సూది అన్నది పెద్ద పనిమంతుడే తేల్చాలి. పువ్వు ఉబ్బెత్తుగా కనబడాలంటే కింద నూలుదారాలు పరిచి లోడింగ్ చేసి, దాని మీద బంగారు తీగచుట్ట ముక్కలు కోసి కుట్టాలి. వీటన్నిటికంటే కఠినమైన నియమం శాటిన్ పెట్టేది. బిగుతుగా నేసిన ఆ నున్నటి పట్టు మీద సూది దిగితే చిల్లు మిగిలిపోతుంది. కుట్టు తప్పిందని విప్పితే గుర్తు చెరగదు. అందుకే ఆ కుట్టుశాలల్లో ఏళ్ల తరబడి నారగుడ్డ మీద చేయి తిరిగాకే అమ్మాయిల్ని శాటిన్ ముట్టనిచ్చేవారు.

ముక్కలన్నీ పూర్తయ్యాక గౌనుగా జత చేస్తారు. కుట్టు మీదుగా పోయే పువ్వు ఉంటే రెండు ముక్కల మీదా సగం సగం కుట్టి, మధ్యలో ఖాళీ వదిలి, జతకట్టాక ఆ ఖాళీని చేత్తో నింపుతారు. మంచి గౌనులో కుట్టు ఎక్కడుందో వెతికి పట్టుకోవడం కష్టం.

1947 ఆగస్టు మధ్యలో ఆరో జార్జి కూతురు రాకుమారి ఎలిజబెత్ పెళ్లిగౌను హార్ట్‌నెల్ చేతికొచ్చింది. పెళ్లి నవంబర్ 20న. యుద్ధం అయిపోయి రెండేళ్లయినా బ్రిటన్‌లో బట్టలకు రేషను అమల్లోనే ఉంది. 1941లో మొదలైన ఆ కూపన్ల పద్ధతి 1949 దాకా పోలేదు. పెళ్లికూతురికి ప్రభుత్వం అదనంగా 200 కూపన్లిచ్చింది. దేశం నలుమూలల నుంచీ సామాన్య స్త్రీలు తమ కూపన్లు కవర్లలో పెట్టి పంపారు. ఒకరి కూపను ఇంకొకరు వాడడం చట్టవిరుద్ధం కాబట్టి వాటిని తిరిగి పంపేశారు. మళ్లీ ఒక తగువు. పట్టు ఎక్కడిది? శత్రుదేశాలైన జపాను, ఇటలీ పురుగులదా? స్కాట్లండ్‌లోని డన్‌ఫర్మ్‌లిన్ మిల్లు నుంచి జవాబొచ్చింది, పురుగులు చైనావని. చైనా మిత్రదేశం. దాంతో ఆ తుఫాను శాంతించింది. ముత్యాలు మాత్రం ఇంగ్లండ్‌లో దొరకలేదు. హార్ట్‌నెల్ మేనేజరు అమెరికా వెళ్లి 10,000 చిన్న ముత్యాలు తెచ్చాడు. కస్టమ్స్‌వాళ్లు సుంకం కట్టేదాకా వదల్లేదు.

గౌను రూపానికి హార్ట్‌నెల్ బొటిచెల్లి గీసిన ‘ప్రిమవెరా’ను ఆధారం చేసుకున్నాడు. ఆ చిత్రంలో వసంతదేవత ఒంటి నిండా పువ్వులే. యుద్ధం తర్వాత మొదటి వసంతం లాంటి పెళ్లికి అంతకంటే తగిన ఊహ ఏముంటుంది! యార్కు తెల్లగులాబీలు ముత్యాలతో, గోధుమ వెన్నులు స్ఫటికపు పూసలతో, వాటి చుట్టూ నారింజపూల తీగలు. పైట కొంగులా వెనక జీరాడే ట్రెయిన్ పల్చటి టల్‌తో చేసింది. దాని మీద శాటిన్ పువ్వులు అతికించి, అంచుల చుట్టూ ముత్యాలు కుట్టారు. 350 మంది స్త్రీలు ఏడు వారాలు పనిచేశారు. పత్రికలవాళ్లు దొంగచాటుగా చూడకుండా కిటికీ అద్దాలకు తెలుపు పూసి, తెరలు కట్టారు.

ఆ గౌనులో నాకు గొప్పగా తోచేది ముత్యాల సంఖ్య కాదు. పెళ్లి జరిగిన వెస్ట్‌మినిస్టర్ ఆబీ లోపల వెలుతురు మందంగా, పై కిటికీల నుంచి వాలుగా పడుతుంది. అక్కడ వెండి చమ్కీలు నిండిన గౌను ముద్దగా, మసకగా కనబడి ఉండేది. ముత్యం ఆ వెలుగును పట్టి నిలుపుతుంది, మధ్యలో స్ఫటికం ఒక్క చుక్క మెరుస్తుంది. ఆ రెండిటి పాళ్లు కుదరడమే పనితనం. మెరుపు ఎక్కడ ఆపాలో తెలిసినవాడికే ఆ పాళ్లు కుదురుతాయి.

ఆ పెళ్లితో హైదరాబాద్‌కూ ఒక ముడి ఉంది. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రాకుమారికి పెళ్లి కానుకగా ఏం కావాలో ఆమెనే కార్టియర్ దుకాణంలో ఎంచుకోమన్నాడు. ఆమె ఒక వజ్రాల హారాన్ని, గులాబీల అమరికతో ఉన్న కిరీటాన్ని ఎంచుకుంది. 1952లో ఆమె రాణి అయ్యాక డొరొతీ వైల్డింగ్ స్టూడియోలో తీసిన ఫొటోల్లో హార్ట్‌నెల్ గౌన్లు, కొన్నింట్లో నిజాం హారం కనబడతాయి. కిరీటాన్ని 1973లో విడదీసి వేరే కిరీటానికి వజ్రాలు వాడుకున్నారు, హారం అలాగే ఉంది. ఆ పెళ్లి జరిగిన 36 ఏళ్ల తర్వాత, 1983 నవంబర్ 20న, రాణి మన బొల్లారంలోని హోలీ ట్రినిటీ చర్చిలో ప్రార్థన చేశారు.

నగ ప్రస్తావన ఊరికే తేలేదు. రాచగౌను మెడ ఎంత లోతు ఉండాలన్నది నగను బట్టి తేలుతుంది. హారం చర్మం మీద ఆనాలా, గుడ్డ మీద ఆనాలా? గుడ్డ మీద ఆనితే పూసల్లో చిక్కుకుంటుంది. ఎడమ భుజం నుంచి కుడి నడుము దాకా అడ్డంగా రాజగౌరవ చిహ్నమైన నీలం పట్టీ వస్తుంది, దాని కింద ఎంబ్రాయిడరీ వేస్తే ఎవరికీ కనబడదు, పైగా పట్టీ ఎగుడుదిగుడుగా కూర్చుంటుంది. రొమ్ము మీద బరువైన పతకాలు గుచ్చితే శాటిన్ జారి చిరుగుతుంది, అక్కడ లోపల బలమైన అస్తరు వేయాలి. బయట తిరిగే పగటి దుస్తులకు గాలికి ఎగరకుండా అంచులో చిన్న బరువులు కుట్టాలి. చేతులు ఊపాలి కాబట్టి చంక దగ్గర కత్తిరింపు వేరే ఉండాలి. ఇవన్నీ చూసేవాళ్లకు తెలియవు, తెలియకూడదు కూడా.

యుద్ధకాలంలో ఇదే లెక్క ఇంకో తీరున నడిచింది. బాంబులు పడిన వీధుల్లో ఆరో జార్జి భార్య ఎలిజబెత్ రాణి తిరిగి బాధితుల్ని పలకరించాలి. నలుపు వేసుకుంటే శోకం రెట్టింపవుతుంది. కంటికి కొట్టే రంగులేసుకుంటే ఇల్లు కూలినవాళ్లను వెక్కిరించినట్టుంటుంది. హార్ట్‌నెల్ మసక గులాబీ, మసక నీలం, లేత ఊదా ఎంచుకున్నాడు. ఓదార్చేలా ఉంటాయి, శిథిలాల దుమ్ము పడినా కనబడదు. గుడ్డ పొదుపు నిబంధనల వల్ల ఎంబ్రాయిడరీ నిషిద్ధమైనప్పుడు ఒక తెల్లశాటిన్ గౌను మీద పూలదండల్ని తానే కుంచెతో గీశాడు. పూసల మోజున్నవాడని పేరుపడిన మనిషి పూస లేకుండా కూడా పని గట్టెక్కించగలడని ఆ రోజుల్లోనే తేలిపోయింది. ఆ కాలంలోనే అతను సామాన్యులు కొనుక్కునే చవక దుస్తులకూ డిజైన్లిచ్చాడు.

1952 అక్టోబరులో కొత్త రాణి, అంటే 1947 నాటి పెళ్లికూతురు, అతన్ని పిలిచి పట్టాభిషేక గౌను అప్పగించింది. తెల్లశాటిన్ ఉండాలి, పెళ్లిగౌను తీరులో ఉండాలి అన్నది తప్ప వేరే షరతు పెట్టలేదు. అతను లైబ్రరీల్లో పాత పట్టాభిషేకాల పుస్తకాలు తిరగేసి ఒక్కొక్కటే గీసుకుంటూ తొమ్మిది డిజైన్ల దాకా వెళ్లాడు. మొదటివి సాదాగా ఉన్నాయి, తర్వాత తర్వాత నిండుగా. ఎనిమిదోదాంట్లో బ్రిటన్ నాలుగు భాగాల గుర్తులు వెండి మెరుపులతో ఉన్నాయి. రాణికి నచ్చింది గానీ తెలుపు, వెండి కలిస్తే పెళ్లిగౌనులాగే ఉంటుందని, రంగులు చేర్చమని సూచించింది. ఆ తర్వాత కామన్వెల్త్ దేశాల పూలు కూడా చేరి తొమ్మిదో డిజైన్ అయింది.

ఇక్కడ ఒక ముచ్చట. వేల్స్‌కు డాఫొడిల్ పువ్వు ఉంటుందనుకున్నాడు హార్ట్‌నెల్. రాజచిహ్నాల అధికారి ఒప్పుకోలేదు, వేల్స్ గుర్తు లీక్ అన్నాడు. లీక్ అంటే ఉల్లి జాతి కూర మొక్క, మన ఉల్లికాడలకు పెద్దన్న లాంటిది. రాణి పట్టాభిషేక గౌను మీద ఉల్లికాడా! దర్జీ మొదట దిగులుపడ్డాడు. కానీ తెల్లపట్టు దారంతో గడ్డను, లేత ఆకుపచ్చతో కాడల్ని కుట్టి, మీద మంచుచుక్కల్లా వజ్రపు మెరుపులు చల్లేసరికి ఆ కూరమొక్కే గౌను మీద అందమైన పనుల్లో ఒకటైంది.

మిగిలినవాటికి ఒక్కోదానికీ ఒక్కో పనితనం. ఇంగ్లండ్ గులాబీకి లేత గులాబీ పట్టుదారం, ముత్యాలు, బంగారు వెండి తీగచుట్టలు. స్కాట్లండ్ ముళ్లపువ్వుకు లేత ఊదా పట్టు, ఊదారంగు రాళ్లు. కెనడా మేపుల్ ఆకుకు ఆకుపచ్చ పట్టు అంచున బంగారు తీగ. న్యూజిలాండ్ ఫెర్న్‌కు వెండి, దక్షిణాఫ్రికా ప్రొటియాకు గులాబీ ఛాయలు. పాకిస్తాన్‌కు గోధుమ, పత్తి, జనుము మూడూ. మన దేశానికి తామరపువ్వు, దాని రేకులు ముత్యపుచిప్ప ముక్కలతో పరిచి, చుట్టూ చిన్న ముత్యాలు, వజ్రపు మెరుపులు. ముత్యపుచిప్ప చదునుగా పడుకుంటుంది, వెలుగును నీళ్ల మీద పడినట్టు తిప్పుతుంది. తామరకు అంతకంటే సరైన వస్తువు దొరకదు. నాకు ఆ గౌను ఫొటో ఎక్కడ కనబడినా చూపు ముందు ఆ తామర దగ్గరికే పోతుంది. సిలోన్‌కు కూడా తామరే, కానీ దాంట్లో ఒపల్ రాళ్లు వేసి వేరు చేశారు.

ఈ పూలన్నీ గౌను అంచు వైపు పైనుంచి కిందికి పెరుగుతూ పోయే అలల వరసల్లో కూర్చున్నాయి. వరసల మధ్య బంగారు గొట్టపు పూసలు, వజ్రపు మెరుపులు, ముత్యాలు. ఇంత పని మోస్తే శాటిన్ కిందికి జారి, నడిచే మనిషి కాళ్లకు చుట్టుకుంటుంది. గౌను అందంగా ఉన్నా రాణి ఆబీలో ఒక్క మెట్టు తప్పితే లోకమంతా చూస్తుంది, టెలివిజన్ కెమెరాలు లోపలే ఉన్నాయి. ఇక్కడే దర్జీ పని ఇంజినీరు పనిగా మారింది. గౌను లోపల మీగడరంగు టఫెటా అస్తరు వేసి, దాని కింద గుర్రపు వెంట్రుకలు కలిపి నేసిన బిగువైన గుడ్డ మూడు పొరలుగా పెట్టారు. ఆ మూడు పొరలూ బరువును నడుము నుంచి కిందికి సమంగా పంచి, ముందంచు కాళ్ల నుంచి కాస్త ఎత్తులో నిలిచేలా చేశాయి. బయట కనబడే కోట్ల కళ్లకు తామర కనిపించింది, గౌనును నిలబెట్టింది మాత్రం ఆ గుర్రపు వెంట్రుకలే.

ఎడమ వైపు, రాణి చేయి ఆనే చోట, ఆమెకు కూడా చెప్పకుండా నాలుగు రేకుల షామ్‌రాక్ ఆకు ఒకటి కుట్టించాడు హార్ట్‌నెల్. ఐర్లండ్ గుర్తుకు మూడు రేకులే ఉంటాయి, నాలుగోది అదృష్టానికి. అభిషేకం వేళ ఈ గౌను మొత్తాన్ని కప్పేస్తూ ఏ అలంకారమూ లేని తెల్లటి మడతల గౌను వేశారు. అదీ అతను కుట్టించినదే. నూనెతో అభిషేకం జరిగే ఆ నిమిషాల్లో రాణి అందరిలాంటి స్త్రీగా దేవుడి ముందు ఉండాలన్నది ఆచారం. నిండైన గౌను ఒకటి, దాన్ని మరుగుపరిచే నిరాడంబరమైన గౌను ఒకటి. రెండూ ఒకే కుట్టుశాలలో, ఒకే శ్రద్ధతో తయారయ్యాయి. రాణి ఆ పట్టాభిషేక గౌనును తర్వాత ఇంకా కొన్నిసార్లు వేసుకుంది, 1954లో సిలోన్ పార్లమెంటు తెరిచినప్పుడు కూడా.

హార్ట్‌నెల్ పనుల్లో అన్నిటికంటే గొప్పది ఏదని అడిగితే చాలామంది 1953 పట్టాభిషేక గౌనే అంటారు. నా ఓటు 1960 మే 6న రాణి చెల్లెలు రాకుమారి మార్గరెట్ వేసుకున్న పెళ్లిగౌనుకు. దాని మీద పూస లేదు, ముత్యం లేదు, ఒక్క పువ్వు కూడా లేదు. మార్గరెట్ చాలా పొట్టి. ఎంబ్రాయిడరీ నింపితే ఆ చిన్న ఒళ్లు గౌనులో మునిగిపోతుందని పూసల మహారాజుకే తోచింది. పట్టు ఆర్గంజాను మీటర్ల కొద్దీ వాడి, బిగుతైన పొడుగు చేతులు, సన్నటి నడుము, ఆ కింద గట్టి గీతల్లో విచ్చుకునే గేరు ఇచ్చాడు. లోపల టల్ పొరలు ఆ గేరును నిలబెట్టాయి. అలంకారం లేనప్పుడు కత్తిరింపులో తప్పు దాచడానికి చోటుండదు. దాదాపు నలభై ఏళ్ల ఎంబ్రాయిడరీ అనుభవం ఉన్నవాడు దాన్నంతా పక్కన పెట్టి, ఎదురుగా ఉన్న మనిషిని మాత్రమే చూసి కుట్టిన గౌను అది.

మర్లీనా డీట్రిచ్, వివియన్ లీ, మెర్ల్ ఒబెరాన్ లాంటి సినిమా తారలు కూడా బ్రూటన్ స్ట్రీట్ మెట్లెక్కారు. వాళ్ల సంగతులు సరదాగా ఉంటాయి గానీ పనితనం దృష్ట్యా రాణులకు కుట్టినదాంట్లోనే ఎక్కువ పాఠముంది. సినిమాలో గౌను నచ్చకపోతే ఇంకో టేకు తీస్తారు. ఊరేగింపుకు రెండో టేకు ఉండదు.

1960లలో లండన్ వీధులకు పొట్టి స్కర్టులు, రెడీమేడ్ దుకాణాలు వచ్చాయి. నెలల తరబడి కొలతలిచ్చే ఓపిక ఉన్న కొనుగోలుదారులు తగ్గిపోయారు. హార్ట్‌నెల్ సంస్థ అప్పుల్లో చిక్కుకుంది. 1977లో అతనికి సర్ బిరుదొచ్చింది, ఆ గౌరవం పొందిన మొదటి ఫ్యాషన్ డిజైనర్ అతనే. 1979లో కన్నుమూశాడు. కుట్టుశాలలో చేతి వేళ్లు అరగదీసుకున్న స్త్రీల్లో చాలామంది పేర్లు మనదాకా రాలేదు. నాకు బాధ కలిగించే విషయం అదే. గౌను మ్యూజియంలో గాజు వెనక భద్రంగా ఉంటుంది, కింద ఒకే ఒక్క పేరుంటుంది. మన దగ్గరా పెళ్లి ఫొటోలో మగ్గం జాకెట్టు వెలిగిపోతుంది, దాన్ని రాత్రింబవళ్లు కూర్చుని కుట్టిన కుర్రాడి పేరు డిజైనర్ షాపు బిల్లు మీద కూడా ఉండదు.

చేతికుట్టు గౌనుకు ఇంకో గుణముంది. దాని లోపల కుట్టు పక్కన గుడ్డ దండిగా వదులుతారు. మనిషి లావెక్కినా, సన్నబడినా, ఇంకొకరు వేసుకోవాల్సి వచ్చినా విప్పి మళ్లీ కుట్టే వీలుంటుంది. రెడీమేడ్ బట్టలో యంత్రం కోసేసిన అంచు తప్ప మిగిలేదేమీ ఉండదు. హార్ట్‌నెల్ 1960ల మొదట్లో రాణికి దంతపు రంగు టఫెటాతో ఒక సాయంకాలపు గౌను కుట్టాడు. రొమ్ము మీద గళ్లుగళ్లుగా వజ్రపు మెరుపుల పని. 1962లో ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ మొదటి ప్రదర్శనకు రాణి దాన్నే వేసుకుంది. 2020 జులై 17న ఆమె మనవరాలు బియాట్రిస్ పెళ్లి జరిగింది. కరోనా కాలం, కొద్దిమంది చుట్టాలు. పెళ్లికూతురు నాయనమ్మ బీరువాలోంచి ఆ గౌనే తీయించుకుంది. అప్పట్లో రాణిగారి దుస్తులు చూసే ఏంజెలా కెల్లీ, డిజైనరు స్టువర్ట్ పార్విన్ కలిసి దాన్ని ఆమె కొలతకు సర్ది, భుజాల దగ్గర ఆర్గంజా చేతులు చేర్చారు. ఆ తర్వాత విండ్సర్ కోటలో దాన్ని ప్రదర్శనకు పెట్టారు.